విత్తనానికి మిగిలిన పురుగు

ఇది ముందే రాయాల్సింది. అప్పట్లో నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు బడికి పంపలేదు. పెళ్లయ్యాక తాండూరులో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పొద్దంతా నీళ్లలో నిలబడే పని. యాభై దాటాక నా బిడ్డే పలక కొనిచ్చి నేర్పింది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి కాగితం పురుగుమందు డబ్బాకు అంటించినది.

బషీరాబాద్ దగ్గర మాకు ఎకరంన్నర కంది చేను ఉంది. దాన్ని నమ్ముకుని ఫ్యాక్టరీ మానేశాను. రెండేళ్లు వరసగా కాయ తొలిచే పచ్చపురుగు తినేసింది. ఈసారీ పోతే మళ్లీ బండల దగ్గరికే.

మూడోసారి మందు కొట్టిన మర్నాడు, పక్క చేను వదినా నేనూ చెట్ల కింద పాత చీర పరిచి కొమ్మలు దులిపాం. పురుగులు జలజలా రాలాయి. అన్నీ కదులుతూనే ఉన్నాయి.

"మందుకు అలవాటు పడ్డయి వదినా."

"పడయా మరి? నెత్తి నెరిసినంక నువ్వు అ ఆలు నేర్వలేదా? గవీ గంతే," అని నవ్వింది.

నిజమేననిపించింది. వికారాబాద్‌లో డిగ్రీ చదివే నా బిడ్డ ఆ వారం ఇంటికొస్తే అదే చెప్పాను. అది ఒక పురుగును పట్టి, పచ్చడి సీసాలో ఇంత మన్ను పోసి, నాలుగు కాయలతో వేసింది.

"దీన్ని చూస్తుండు అమ్మా. మన్నుల గూడు కట్టుకుంటది, రెక్కలొస్తయి. ఒక్క పురుగు ఎదుగుడు గంతే. మందు తట్టుకునుడు గిట్ల మధ్యల నేర్సుకునేది కాదు."

"మరి యాడికెళ్లి వచ్చింది?"

"కొన్ని పుట్టుకతోనే మొండివి. మందు కొడితే తక్కినయి సచ్చినయి, గవి మిగిలినయి. పిల్లలు వాటికే. ఏడాదికింత పెరిగి ఇప్పుడు చేనంత గవే."

"మిగిల్చింది ఎవరు బిడ్డా?"

అది మూలనున్న విత్తనాల కుండకేసి చూసింది. ఏటేటా మంచి కాయలు ఏరి, బూడిద కలిపి అందులో దాచేది నేనే. మందు కొట్టిందీ ఈ చేతులే. విత్తనం ఏరినట్టే, తెలియక పురుగునూ ఏరాను.

నా అక్షరాలు నాతోనే పోతాయి. నా బిడ్డ అక్షరాలతో పుట్టలేదు, అదీ మొదటి నుంచి దిద్దాల్సి వచ్చింది. పురుగు ఏదీ నేర్చుకోలేదు. అయినా చేను దానిదైంది.

మూడు వారాలకు సీసాలో మట్టిరంగు రెక్కలు కొట్టుకున్నాయి. ఆ రోజే చేనంతా తిరిగాను. కాయకాయకూ తూటు. ఒలిస్తే లోపల పురుగు పెంట తప్ప ఏమీ లేదు. విత్తనానికని ఏరితే దోసెడు కూడా కాలేదు. ఇంటికొచ్చి, సీసాలోదాన్ని చంపుదామని మూత తీయబోయి ఆగాను. ఒక్కటి చస్తే ఏమవుతుంది?

మర్నాడు పొద్దున రెండు జొన్నరొట్టెలు మూటగట్టుకుని, షేరింగ్ ఆటోలో తాండూరు బండల ఫ్యాక్టరీకి పోయాను.