మల్లికి మత్తు, మాకు దడ

మా వీధిలో ఉండే నాగప్ప పెళ్లిళ్లకు తిప్పే పొట్టి గుర్రం మల్లికి తొడ మీద గడ్డ లేచింది. ఎమ్మిగనూరులో పశువుల డాక్టరుగా ఉన్న నా స్నేహితురాలు శ్రావణి, పూర్తి మత్తు ఇచ్చి తీసేస్తానంది. ఆ గుర్రం లేకపోతే నాగప్ప ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే నేనూ సెలవు పెట్టి బయలుదేరాను.

ఆదోనిలో ఉదయం ఆరున్నరకు ట్రాలీ ఆటో ఎక్కాం, బాడుగ పన్నెండు వందలు. వెనక గుర్రం నిలబడి ఉంది కాబట్టి నెమ్మదిగా వెళ్లి, గంటంపావులో చేరాం. దిగగానే శ్రావణి, "రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు కదా?" అని అడిగింది.

"ఒగపూటే పెట్టినా మేడం. తెల్లారుజామున ఉలవలు. ఒక్కపొద్దు ఉంచమని అక్క సెప్పింది గదా!" అన్నాడు నాగప్ప నన్ను చూపిస్తూ.

శ్రావణి నాకు చెప్పింది ఉపవాసమని. గుంటూరుదాన్ని, ఇక్కడి మాటలో చెబుతున్నానని గొప్పకు పోయి ఒక్కపొద్దు అన్నాను. అంటే ఒకపూట తినొచ్చని నాకు తెలిస్తేగా! తొమ్మిదింటి ఆపరేషన్ మూడింటికి వాయిదా పడింది.

ఆ ఆరు గంటలూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బస్టాండు దగ్గర హోటల్లో బొరుగుల ఉగ్గాని తీసుకుని సగం వదిలేశాను. "ఉప్పు సాల్లేదామ్మా?" అని వండినామె అడిగింది. "ఉప్పు సరిపోయింది, నాకే బుద్ధి చాల్లేదు" అన్నాను.

మూడింటికి ఇంజెక్షన్ పడగానే మల్లి ఒరిగిపోయింది. శ్రావణి దాని మెడ నుంచి రక్తం తీసింది. కాసేపటికి మళ్లీ తీసింది.

"నిద్రపోతాండాది గదా, మళ్లీ రక్తమెందుకు మేడం?"

"నిద్రలా కనిపిస్తుంది నాగప్పా, లోపల ఒళ్లు బెదురుతూనే ఉండొచ్చు. కొన్ని రకాల మత్తుకు, కత్తి పెట్టకపోయినా, బీపీ పడిపోయి కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఏ మందుకు ఎంత పెరుగుతుందో చూసుకుంటున్నాను."

గడ్డ తీసేయడం అయిపోయింది. అసలు గండం మత్తు దిగి లేవడం దగ్గరట. తడబడి కాలు విరిగితే గుర్రం దక్కదు. మల్లి రెండుసార్లు లేవబోయి కూలబడింది. "లెయ్ తల్లీ, లెయ్" అంటూ నాగప్ప బతిమాలాడు. మూడోసారి నాలుగు కాళ్ల మీదా నిలబడింది. శ్రావణి చివరిసారి రక్తం తీసి సీసాకు మూత పెడుతుంటే, అతను చొక్కా చేతులు పైకి మడిచి చెయ్యి చాపాడు.

"నాది గూడా తీయండి మేడం. ఆ హార్మోనేదో దీంట్లోనే శానా ఉంటాది."

శ్రావణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తెలియని మాట తెలిసినట్టు వాడి, ఆ మనిషి బతుకుతెరువును ప్రమాదంలో పెట్టాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మీరూ ఇలా వెళ్తుంటే, తిరుగు బండి ముందే మాట్లాడుకోకండి. గుర్రం లేచి, స్థిమితంగా నిలబడ్డాకే పిలవండి. సాయంత్రం ఆరున్నరకు గానీ మేం పిలవలేకపోయాం.