యాభై నంబరు నూనె

మొన్న అనకాపల్లి రోడ్డు మీద ఒక షెడ్డులో మా మేనల్లుడు తన పికప్ బండికి ఇంజనాయిలు మార్పిస్తుంటే పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. మెకానిక్ బండి కిందకి దూరి బోల్టు విప్పగానే నల్లటి పాత నూనె పళ్ళెంలోకి జారింది. దానితో పాటే కాలిన చమురు, వేడి ఇనుము, దుమ్ము కలిసిన వాసన గుప్పుమంది. డెబ్బై ఏళ్ళ కిందట చోడవరంలో మా ఇంటి వాకిలి నిండా ఉండే వాసన అది. మెకానిక్ కొత్త డబ్బా మూత తీస్తూ, "ఎండైనా సలైనా ఇదొక్కటే అమ్మా, ఏటెయ్యాలని బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు" అన్నాడు. మంచి మాటే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

యాభైల నాటి మాట. మాకు వడ్డాది వైపు నాలుగెకరాల చెరుకు ఉండేది. నాగుల చవితికి అమ్మ నువ్వులూ బెల్లమూ దంచి చేసిన చిమ్మిలి ఇంకా డబ్బా అడుగున మిగిలుండగానే గానుగలు మొదలయ్యేవి. పొయ్యిలో ఎండు చెరుకుపిప్పి చిటపటలాడుతుంటే, వెడల్పాటి పెనంలో రసం మరిగి, పచ్చటి నురుగు పోయి, ఎర్రటి పాకమై బుడగలు పగిలే దాకా పిల్లలం అక్కడే తొక్కుడుబిళ్ళ ఆడుతూ, గోరువెచ్చటి పాకం తామరాకు ముక్కల మీద పోయించుకుని నాకుతూ, తలకీ గౌనుకీ పొగ వాసన పట్టించుకుని ఇంటికొచ్చేవాళ్ళం. బెల్లం దిమ్మలు అనకాపల్లి చేరడానికి ఎడ్లబండి మీద ఒక రోజు పట్టేది. ఆ అవస్థ తప్పుతుందని నాన్న మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన పాత పికప్ బండి ఒకటి కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక చెక్కల తొట్టి, ఒంటి నిండా ఆకుపచ్చ రంగు. వాకిట్లో ఆగిన రోజున అమ్మ దాని ముక్కు మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

బండితో పాటు ఇద్దరు వచ్చారు అనాలి. ఒకరు డ్రైవరు సన్యాసి. రెండోది బండి వాడకం గురించి రాసిన, జిడ్డోడుతున్న ఒక ఇంగ్లీషు పుస్తకం. నాన్న సన్యాసిని నమ్మాడు. థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి, చదువుతున్న నేను పుస్తకాన్ని నమ్మాను.

సన్యాసి తెలివి తక్కువవాడేమీ కాదు. ఆ ఇంజను అప్పటికే అరిగిపోయి నీలం పొగ కక్కేది. మొదటి వేసవిలో ముప్ఫై నంబరు నూనె పోసి లోడుతో వెళ్తే, మిట్టమధ్యాహ్నం ఎండకి నూనె నీళ్ళలా పలచబడి, దాని ఒత్తిడి చూపించే ముల్లు కిందకి పడిపోయింది. సన్యాసి అదంతా దింపేసి యాభై నంబరు పోశాడు. ఆముదంలా చిక్కగా, తీగ సాగుతూ దిగింది. పొగ తగ్గింది, ముల్లు లేచింది. "సిక్కగుంటేనే ఇనపకి పట్టుకుంతాది బాబూ, ఇంకేటీ మార్చకండి" అన్నాడు. ఆ రోజు నుంచి నాన్నకి యాభై నంబరు వేదవాక్కయింది.

పుస్తకంలో ఒక పేజీలో పట్టిక ఉండేది. బయట ఎంత వేడి ఉంటే ఎన్నో నంబరు పోయాలో అందులో ఉంది. ఆ డిగ్రీలు అర్థంకాక మా సైన్సు మాస్టారిని అడిగితే, ఆయన గోడకున్న థర్మామీటరు చూపించి, మన ఎండలకి ఎంత లేస్తుందో, మంచు పట్టిన తెల్లవారుజామున ఎంతకి దిగుతుందో చెప్పారు. లెక్క కుదిరింది. ఎండల్లో నలభై, చలి రోజుల్లో ముప్ఫై. యాభై మాట అసలు మన ఊరికి రానేరాదు. కార్తీకం చివర్లో, చీడికాడ కొండల వైపు నుంచి మంచు దిగడం మొదలైనప్పుడు, పుస్తకం పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను.

"సలికాలంలో ముప్ఫై పొయ్యాలట నాన్నా. లేకపోతే పొద్దున్నే ఇంజను తిరగదట."

నాన్న నవ్వాడు. "ఇంజను సంగతి ఆడగుంటకేటి తెలుస్తాదే! పో, పోయి సదువుకో."

"సదివే కదా సెప్తన్నాది" అంది వంటింట్లోంచి అమ్మ. "ఏటుందో ఓసారి ఇనొచ్చు కదా."

ఎవరూ వినలేదు. మర్నాడు మళ్ళీ చెప్పాను. వారం తరవాత మళ్ళీ చెప్పాను. మూడోసారి సన్యాసి కూడా నవ్వాడు.

ఆ డిసెంబరులోనే అనకాపల్లిలో స్కాలర్‌షిప్పు పరీక్ష. నెగ్గితే విశాఖపట్నంలో హాస్టలు, చదువు. మా బడి నుంచి నన్నొక్కదాన్నే పంపుతున్నారు. లెక్కలు కలలో కూడా చేసుకుంటున్న రోజులవి. తొమ్మిది గంటలకి పరీక్ష. ముందు రోజే బస్సులో వెళ్ళి మా పిన్ని ఇంట్లో ఉంటానంటే నాన్న ఒప్పుకోలేదు. "మన బండుండగా బస్సేటి?" అన్నాడు.

పొద్దున్నే తలంటు పోసుకుని, రెండు జడలు వేసుకుని, అట్ట మీద కాగితాలు పెట్టుకుని బండెక్కి కూర్చున్నాను. మంచు ఎంతలా ఉందంటే వాకిట్లో ముగ్గు కనబడలేదు. సన్యాసి మీట నొక్కాడు. ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ముందు నుంచి హాండిలు పెట్టి తిప్పాడు. సగం చుట్టు కూడా కదల్లేదు. లోపల నూనె చలికి బంకలా బిగుసుకుపోయింది. నాన్న పంచె బిగించి తనూ తిప్పాడు. పాలు పితకడానికొచ్చిన మనిషినీ, ఎదురింటివాళ్ళనీ పిలిచి వీధి చివరి దాకా తోయించారు. బండి వెళ్ళింది గాని ఇంజను తిరగలేదు.

అప్పుడే, పరీక్ష వేళకి అందించే ఒక్కగానొక్క బస్సు హారను కొట్టుకుంటూ వచ్చింది. "నాన్నా, బస్సు!" అని అరిచాను.

"ఉండవే, ఇదిగో అయిపోతాది" అన్నాడు, చెమటలు కక్కుకుంటూ.

బస్సు మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. సన్యాసి గడ్డి అంటించి ఇంజను కింద, నూనె ఉన్న తొట్టికి సెగ పెట్టాడు. గంట తరవాత బండి కదిలింది. చేరేసరికి పది దాటింది. పరీక్ష గది గుమ్మం దగ్గర కాపలా ఉన్న మాస్టారు తలుపు సందులోంచే చెయ్యి అడ్డంగా ఊపారు. పల్లెత్తు మాట పడని మా నాన్న ఆయనకి రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదండీ, మా గుంట తప్పు కాదు" అన్నాడు. తలుపు తెరుచుకోలేదు.

ఆ సాయంత్రం నాన్న ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏటుందో సదువమ్మా" అన్నాడు. చదివాను. ఒక్క అక్షరం వదలకుండా చదివాను. మర్నాడే నూనె మార్పించాడు. ఆ తరవాత ఆ బండి ఏ చలిరోజునా మొరాయించలేదు. "పారోతి సెప్పినట్టే పోస్తన్నాం" అని వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి గొప్పగా చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించేది. మరుసటేటికి ఆ పరీక్షకి నాకు వయసు దాటిపోయింది. చోడవరంలోనే చదివి, ట్రైనింగయి, ముప్ఫై ఏళ్ళకి పైగా పిల్లలకి లెక్కలు చెప్పాను. బతుకు పాడైపోయిందని చెప్పను. కాని నాన్న పోయేదాకా ఆయన మీద ఆ కోపం అడుగున ఉండనే ఉంది. ఆయనకీ తెలుసు.

ఇప్పుడు మా వైపు గానుగ లేదు. చెరుకు వేసిన చోట ఇళ్ళ ప్లాట్ల రాళ్ళు పాతారు. సన్యాసీ లేడు, నాన్నా లేడు, బెల్లం పొగ వాసన ఎలా ఉంటుందో మా మేనల్లుడి పిల్లలకి తెలియదు. ఎనభై దాటాను. ఒక్కోసారి పొద్దున్నే మెలకువ వచ్చి ఆలోచిస్తూ పడుకుంటాను. ఆ రోజు తలుపు అవతల, నా నంబరు వేసిన బల్ల మీద, బోర్లించి పెట్టిన ప్రశ్నపత్రంలో ఏ లెక్కలు ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.