మూడున్నరకు రమ్మన్నాను

జూన్ నెల, సోమవారం, పొద్దున ఆరు గంటలు. వీపున సంచి, చేతిలో నల్ల ట్రంకు పెట్టె, జేబులో ఆర్డరు కాగితం. నా చివరి పోస్టింగులో రిపోర్టు చేశాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను. ఈసారి ఇచ్చింది చెన్నైలో ఒక రైల్వే స్టేషన్. పుట్టి పెరిగిన తొండియార్‌పేటకు బస్సులో ఇరవై నిమిషాల దూరం. అదృష్టవంతుడివన్నారు ఇంట్లో. మూడో రోజుకే నాకు ఒళ్లు మండిపోయింది.

స్టేషన్లో మా మిలిటరీ గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఒక కౌంటరు, ఒక ఫ్యాను, రెండు వాకీటాకీలు. బయట అంతా సిమెంటు నేల. ఎండాకాలంలో బూటు అడుగు కాలుతుంది, వానాకాలంలో కప్పు కారుతుంది. సెలవు మీద పోయే జవాన్లకు, సెలవు ముగిసి యూనిట్‌కు తిరిగెళ్లే జవాన్లకు బెర్తు చూపించి బండి ఎక్కించడం మా డ్యూటీ. ఇది కూడా ఒక డ్యూటీయేనా అని నవ్వేవాళ్లను చాలామందిని చూశాను. నవ్వనివ్వండి. రోజుకు ఇరవైసార్లు మైకులో ఒక ఆడగొంతు మూడు భాషల్లో 'చింతిస్తున్నాము' అంటుంటే నిలబడి వినండి. ఎవరు చింతిస్తున్నారు? ఆ మనిషిని ఒక్కసారి నా కౌంటరు ముందుకు తీసుకురండి, చూస్తాను.

సైన్యంలో టైము పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ముందుకు జరుగుతుంది. ఆఫీసరు పదింటికి అంటాడు. సుబేదారు తొమ్మిదికి అంటాడు. హవల్దారు ఎనిమిదికి అంటాడు. చివర ఉన్న సిపాయి ఏడింటికే బూట్లు తుడుచుకుని ఎండలో నిలబడతాడు. ఎవరి భయం వాళ్లది. అందరి భయమూ మోసేది మాత్రం ఆ సిపాయే. నేనూ మోశాను. ఆ గంటలు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

స్టేషన్లోనూ అదే రూలు. బండికి గంట ముందు జవాను హాజరుండాలని ఆఫీసరు ఆర్డరు. మా సుబేదార్ సాబ్ దాన్ని రెండు గంటలు చేశాడు. కౌంటరు దగ్గర హవల్దారుగా నేను మూడని చెప్పాలి. బండి లేటైనా సరే, బయటికి వెళ్లినవాడు కొత్త టైముకు మూడు గంటల ముందు నా ఎదుట ఉండాలి.

నవంబరులో వాన రెండు రోజులుగా పట్టుకుంది. ఉత్తరాదికి పోయే బండి టైము పొద్దున పది నలభై. ఆరున్నరకే ఒక సిపాయి వచ్చాడు. టెలిఫోను లైన్లు వేసే పని అతనిది. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన యూనిఫాం, నల్ల ట్రంకు, చుట్టిన పక్క. తొమ్మిదింటికి మైకు చెప్పింది. బండికి కావాల్సిన బోగీలు నెల్లూరు అవతల నీళ్లలో ఆగిపోయాయట. బయల్దేరేది సాయంత్రం నాలుగున్నరకు. చింతిస్తున్నారు.

అతను కౌంటరు దగ్గరికి వచ్చాడు. “అన్నా, ఒకతూరి ఇంటికి పోయొస్తా.”

“ఏ ఊరు?”

“ఈడనే అన్నా. రాయపురం.”

“మూడు కిలోమీటర్లు. ఆరున్నరకే ఎందుకొచ్చావు?”

“నాలుగు గంటలు ముందే పొమ్మని యూనిట్‌లో చెప్పినారు. పాప నిద్రపోతా ఉండింది. లేపితే ఏడుస్తాదని చెప్పకుండానే వచ్చేసినా.”

“ఎక్కడికి పోతున్నావు?”

“నాయక్ కోర్సన్నా. ముందు రెండుతూర్లు పోయింది. ఇదే కడైసి.”

ఆఖరి అవకాశమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ కోర్సు పాసైతే నాయక్ ర్యాంకు, ఇంకొన్నేళ్ల సర్వీసు. కాకపోతే ఏడాదిలో ఇంటికి. ఎల్లుండి పొద్దున ఆరింటికి హాజరు. అప్పటికి రానివాడి పేరు కొట్టేస్తారు. నాలుగున్నరకు బయల్దేరినా ఈ బండి ఆ టైము అందుకుంటుంది. దీని తర్వాత బండి అందుకోదు.

రూలు ప్రకారం ఒంటిగంటన్నరకు రమ్మనాలి. అనలేదు. కోపం వచ్చి అనలేదు. కన్నకూతురికి చెప్పకుండా చీకట్లో బయల్దేరిన మనిషిని ఇంకా ఎన్ని గంటలు కోస్తారు? “మూడున్నరకు రా” అన్నాను. అందరి భయాలూ తీసేస్తే మిగిలిన అసలు టైము అది. సర్వీసులో మొదటిసారి ఒక సిపాయికి ఉన్న టైము ఉన్నట్టు ఇచ్చానని లోపల గర్వపడ్డాను కూడా. ట్రంకు మా గదిలో పెట్టి అతను వానలోకి వెళ్లిపోయాడు.

ఒంటిగంట యాభైకి వాకీటాకీ మోగింది. ప్లాట్‌ఫాం మీద డ్యూటీలో ఉన్న నాయక్ గొంతు. “కౌంటర్, వేరే బోగీలు దొరికినాయంట. ఎనిమిదో నెంబర్లో పెడతా ఉండారు. రెండున్నరకే తోసేస్తారంట. ఓవర్.”

“నాలుగున్నర అని మైకులో చెప్పారు కదా? ఓవర్.”

“మైకు సంగతి నాకేం తెలుసు. బండి మాత్రం రెండున్నరకే. ఓవర్.”

అతనికి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. పొద్దుట్నుంచి రాయపురంలో కరెంటు లేదు. అడ్రసు రాసిచ్చి ఒక ఆటో అతన్ని పంపాను. వంతెన కింద నీళ్లున్నాయని వెనక్కి వచ్చేశాడు. సుబేదార్ సాబ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయనది చిత్తూరు వైపు.

“నేను పోతాను సాబ్. నడిచైనా పోతాను.”

“ఈడ ముప్పై మంది ఉండారు. ప్లాట్‌ఫాం మారిందని సగం మందికి తెలీదు. వాళ్లను ఎవరు ఎక్కిస్తారు?” అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “వాడికి ఏం టైము చెప్పినావు?”

చెప్పాను. ఆయన జవాన్ల లిస్టు నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ముప్పై మందినీ ఎక్కించాను. రెండు ముప్పై రెండుకు బండి కదిలింది. అప్పటికీ బోర్డు మీద నాలుగున్నర అనే ఉంది. ఆ బోర్డును రాయి పెట్టి కొట్టాలనిపించింది. ఆ రోజుకు ఉత్తరాదికి అదే ఆఖరి బండి. విమానాలు వానకు ఆగిపోయాయి, అదీ కనుక్కున్నాను.

మూడు ఇరవైకి అతను వచ్చాడు. ప్యాంటు తొడల దాకా తడిసింది. బూట్లు మెడలో వేసుకుని నీళ్లలో నడిచొచ్చి, గేటు దగ్గర కూర్చుని తొడుక్కుని, లేసులు బిగించి మరీ లోపలికి వచ్చాడు. ముఖమంతా నవ్వు. నా చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టాడు.

“మా అమ్మ పంపినాది అన్నా. వంజరం చేప వేపుడు. పాప తలుపు దాకా వచ్చి టాటా చెప్పింది. బండి ఎన్నో నెంబర్లో అన్నా?”

బండి ఎప్పుడు వెళ్లిపోయిందో చెప్పాను. అతను బోర్డు చూశాడు, గడియారం చూశాడు. “ఇంకా మూడున్నర కాలేదు కదన్నా” అన్నాడు.

తప్పు నాదేనని ఉత్తరం రాశాను. సుబేదార్ సాబ్ చదివి, కింద తనూ సంతకం చేశాడు. కోర్సు వాళ్లు ఒప్పుకోలేదు. అదే బండిలో పోయినవాళ్లంతా టైముకు చేరారు, ఈయనొక్కడే ఎందుకు చేరలేదని అడిగారు. సరైన ప్రశ్నే. జవాబు నా దగ్గర ఉంది, దాన్ని తీసుకునేవాళ్లే లేరు. మరుసటి ఏడాది అతని సర్వీసు ముగిసింది.

నా సర్వీసూ ముగిసింది. చేరినప్పటి నా ట్రంకుతోనే బస్సెక్కి తొండియార్‌పేటలో దిగాను. ఇప్పుడు మా వీధిలో ఎవరు ఊరికి పోతున్నా నన్నే అడుగుతారు, స్టేషనుకు ఎంత ముందు పోవాలని. మూడు గంటలంటాను. అంత అవసరమా అని నవ్వితే అరుస్తాను. మా ఆవిడకు నా అరుపులంటే విసుగు. ఉండనీ. బండి లేటని ఫోన్లో చూసి, తీరిగ్గా రెండో కాఫీ తాగేవాళ్లను చూస్తే చేతిలో గ్లాసు లాక్కోవాలనిపిస్తుంది. లేటన్నది మాట కాదు, గాలి. ఎటైనా తిరుగుతుంది.

బండి తప్పిన ఆ సాయంత్రం ఆ సిపాయిని ఇంటికి పొమ్మన్నాను. రేపటి బండి పది నలభైకి, పొద్దున్నే రావచ్చన్నాను.

“వద్దన్నా.”

“ఇల్లు ఇక్కడే కదయ్యా. పాప దగ్గర పడుకుని రా.”

“ఈడనే. పోను.”

రేపటి బండి ఎక్కినా హాజరుకు అందడని అతనికీ తెలుసు. ట్రంకు తీసుకెళ్లి ఎనిమిదో నెంబరు ప్లాట్‌ఫాం అంచుకు వేసుకుని, పట్టాల వైపు తిరిగి కూర్చున్నాడు. నా డ్యూటీ దిగేటప్పుడు అలాగే ఉన్నాడు. పొద్దున ఆరింటికి వచ్చాను. అదే ట్రంకు మీద, అదే వైపు తిరిగి కూర్చున్నాడు. యూనిఫాం ఒంటి మీదే ఆరిపోయి ఉంది. బూట్ల లేసులు విప్పలేదు. నా అడుగుల చప్పుడు విని లేచి నిటారుగా నిలబడ్డాడు.

“హాజర్ అన్నా” అన్నాడు.

బండికి ఇంకా నాలుగు గంటల నలభై నిమిషాలుంది.