పిల్లలు ఆగిన పేజీ

మైదాపిండిలో కాస్త మైలుతుత్తం వేసి ఉడికిస్తే వచ్చే వాసన అందరికీ నచ్చదు. నాకు మాత్రం అది ఎండాకాలం వాసన. ఏటా ఏప్రిల్ మొదటి వారంలో బైండింగ్ చేసే పెద్దాయన మా లైబ్రరీ వెనక వరండాలో స్టవ్ పెట్టుకుని జిగురు కాస్తాడు. చిరిగిన పిల్లల పుస్తకాలు ఆయన చుట్టూ గుట్టలుగా పడి ఉంటాయి. సెలవులు మొదలయ్యేలోగా వాటన్నిటికీ అట్టలు అతకాలి. నిన్న ఆ వాసన నా టేబుల్ దాకా వచ్చేసరికి, ఈ వేసవి కార్యక్రమం గురించి రాస్తున్న కాగితం పక్కన పెట్టేశాను. తొండియార్‌పేటలోని మా ఈ శాఖా గ్రంథాలయాన్ని నాకు ముందు చాలా ఏళ్లు నడిపిన వసంత మేడమ్ గుర్తొచ్చారు. పుస్తకాల గురించి నాకు కాలేజీలో చెప్పారు. పిల్లల గురించి ఆరా తీయడం ఆవిడ నేర్పారు.

ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మా నాన్న హార్బర్‌లో బరువులు మోసేవాడు. పుట్టి పెరిగింది తమిళుల నగరంలో కాబట్టి బడి చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు అక్షరాలు మా అమ్మమ్మ ఒళ్లో కూర్చుని, ఆవిడ బైబిల్ మీద వేలు పెట్టి నేర్చుకున్నవి. గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ వచ్చాక నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. వేసవి కార్యక్రమానికి ప్రణాళిక రాయమంటే రెండు రోజులు కూర్చుని, గళ్లు గీసి, రంగులు వేసి మరీ పట్టుకెళ్లాను. పదింటికి కథ, పదకొండింటికి బొమ్మలు, పన్నెండింటికి క్విజ్. మేడమ్ పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నేత చీరలో ఉండేవారు. వాషర్‌మెన్‌పేట్‌లో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి కాగితం చివరిదాకా చదివారు.

“బాగుండాది. పది గంటలకి మన పిలకాయలు ఏం చేస్తా ఉంటారు?”

“సెలవులు కదా మేడమ్, ఇంట్లోనే ఉంటారు.”

“చూసినావా?”

చూడలేదు. “సరి, దా. పోయి చూసొద్దాం,” అని ఆవిడ గొడుగు తీసుకున్నారు.

వ్యాసర్పాడిలో రైలు పట్టాల పక్కనున్న వీధులకు పోయాం. నేను పుట్టి పెరిగిన చోటికి అవి కూతవేటు దూరమే. అయినా ఆ రోజు చూసినట్టు వాటిని ఎప్పుడూ చూడలేదు. పదింటికి నీళ్ల లారీ వస్తుంది. అంతకు ముందు నుంచే ప్లాస్టిక్ బిందెలు వీధి పొడుగునా బారులు తీరి ఉన్నాయి. పెద్దవాళ్లు పనుల్లోకి పోయారు కాబట్టి వాటికి కాపలా పిల్లలే. సగం మంది చంకల్లో తమ్ముడో చెల్లెలో ఉన్నారు. మేడమ్ ఎవరికీ లైబ్రరీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అడుగుతూ పోయారు, అంతే. నీళ్లు పట్టాక ఏం చేస్తారు, అన్నం ఎవరు పెడతారు, ఆటలు ఎక్కడ. పదేళ్ల పిల్ల ఒకతి, పేరు దేవి, తమ్ముడిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ చెప్పింది. “మూడు గంటలకి రేకుల కింద కూర్చోలేం మేడమ్. మండతాది. బ్రిడ్జి కిందకి పోతాం.”

తిరిగొచ్చేటప్పుడు మేడమ్ నా రంగుల కాగితం నాకే ఇచ్చేశారు. “కథ మూడుకి పెట్టు. మనకాడ ఫ్యాన్లుండాయి. చంకలో బిడ్డలకి ఒక చాప వెయ్యి.” ఆ వేసవి మేడ మీదున్న మా పిల్లల గది నిండిపోయింది. నా క్విజ్ ఏమైందో ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఆవిడకు ఇంకో విచిత్రమైన పద్ధతి ఉండేది. పాత పెళ్లి పత్రికలన్నీ సేకరించి, సన్నటి ముక్కలుగా కత్తిరించి, ప్రతి పిల్లల పుస్తకంలో ఒకటి పెట్టేవారు. నచ్చకపోతే చదవడం ఆపేయవచ్చు, కాని ఆపిన చోట ఆ ముక్క ఉంచి తేవాలి. పుస్తకం పూర్తి చేయలేదని ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. సాయంత్రం పిల్లలు పోయాక మేం ఇద్దరం కూర్చుని ఆ ముక్కలు ఎక్కడున్నాయో చూసేవాళ్లం. నాకు మొదట్లో అదంతా పనిలేని పనిలా తోచింది. ఒకరోజు ఆవిడ ఒక రాజుగారి కథల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. “ఆరు మంది తీసకపోయినారు, ఆరు మందీ పన్నెండో పేజీ కాడే ఆపినారు. ఆడ ఏముండాదో చూడు.” చూశాను. రాజు మంత్రికి రాజనీతి బోధిస్తున్నాడు, పేజీన్నర పొడుగునా. మర్నాడు ఆ ఆరుగురిలో ఒకడిని పిలిచి ఎందుకు ఆపావని అడిగితే, “ఆ రాజు ఊరికే మాట్లాడతానే ఉండాడు మేడమ్, ఏమీ చెయ్యడు,” అన్నాడు. మేడమ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. మరుసటి ఏడు కొనాల్సిన పుస్తకాల జాబితా ఆవిడ ఆ ముక్కలను బట్టే తయారుచేసేవారు. మెల్లగా నాకు కూడా ఆ పిచ్చి పట్టింది. ఒక పిల్ల ఫలానా పేజీలో ఎందుకు ఆగిందో తెలిసేదాకా ఇంటికి పోబుద్ధయ్యేది కాదు.

రెండో వేసవికి ముందు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా గదిలో పిల్లలైతే కనిపిస్తున్నారు కాని పుస్తకాలు కదలడం లేదట. ఫ్యాన్ కింద నిద్రపోవడానికి వస్తున్నారని ఎవరో చెప్పారట. జూన్‌లో అధికారి వచ్చి చూస్తారు, అప్పటికీ పుస్తకాలు కదలకపోతే ఆ గదిని ఉద్యోగ పరీక్షలకు చదువుకునే వాళ్లకు ఇచ్చేస్తారు. వాళ్లకూ చోటు కావాలి, కాదనను. కాని మా పిల్లలకు ఆ గది తప్ప ఇంకేదీ లేదు. నాకు నిద్రపట్టలేదు. మేడమ్‌ని ఒప్పించి గోడకు పెద్ద చార్టు అంటించాను. పుస్తకానికో నక్షత్రం, ఎక్కువ నక్షత్రాలు వచ్చినవాళ్లకు బహుమతి. “నీ ఇష్టం. చేసి చూడు,” అన్నారు ఆవిడ.

చార్టు పండింది. రోజుకు నాలుగు పుస్తకాలు, ఐదు పుస్తకాలు. రిజిస్టర్‌లో పేజీల మీద పేజీలు నిండుతుంటే నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. పిల్లలు అన్నిటికంటే సన్నటి పుస్తకాలు ఏరుకుని, మెట్ల మీదే తిరగేసి తిరిగి ఇచ్చేస్తున్నారని నేను గమనించలేదు. నిజం చెప్పాలంటే గమనించదలచుకోలేదు. పెళ్లి పత్రికల ముక్కలన్నీ మేం పెట్టిన చోటే, మొదటి పేజీలోనే కదలకుండా ఉన్నాయి. ఒక సాయంత్రం మేడమ్ చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు.

“దేవి ఏది?”

అట్టడుగున దేవి పేరు, దాని ఎదురుగా ఖాళీ. ఆ వేసవి ఆ పిల్ల ఒకే ఒక్క తెలుగు కథల పుస్తకం తీసుకుంది, వారానికి నాలుగు పేజీలు కూడా కదలలేదు. పది రోజులుగా లైబ్రరీకే రావడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. మేడమ్ నన్ను ఒక్కదాన్నే పంపారు.

దేవి ఇంట్లోనే ఉంది. నన్ను చూడగానే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. “తీసకపో అక్కా. నాకు ఒక్క స్టారు కూడా రాలే. అందరూ నగతా ఉండారు.” గోడకానుకుని కూర్చున్న వాళ్ల అవ్వ చెయ్యి చాపి అడ్డం పడింది. “అది తీసకపోబాకమ్మా. రోజూ నాకు చదివి చెప్తాది. నేనే, మళ్లా చెప్పు మళ్లా చెప్పు అంటా ఉంటా. ఆ దొంగ దొరికినాడా లేదా, ఇంకా తెలీలే.” దేవి బడిలో తమిళమే చదువుతుంది. అవ్వ కోసం మా లైబ్రరీలో తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటోంది. ఒక్కో పేజీ నాలుగైదు సార్లు చదివేదట. మా చార్టు మొత్తంలో ఒక పుస్తకాన్ని అంతగా చదివిన పిల్ల ఆ పిల్లే, నేను ఇంటికి తరిమేసింది కూడా ఆ పిల్లనే. నాకు తల కొట్టేసినట్టయింది.

సంగతి విన్న మేడమ్ ఆ రోజే చార్టు పీకేశారు. అధికారి రావడానికి మూడు రోజులుంది. “గది పోతుంది మేడమ్,” అన్నాను. అధికారి వచ్చి రిజిస్టర్ తిరగేసి, పుస్తకాలు బాగా కదిలాయే అని తమిళంలో మెచ్చుకున్నారు. మేడమ్ ఆ పేజీల మీద చెయ్యి పెట్టి, ఈ మూడు వారాలవి చదువు కాదు సార్, లెక్కలోకి తీసుకోకండి అన్నారు. ఆయన ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత విసుక్కున్నారు. ఆవిడ తెలుగు పుస్తకం గురించి, దేవి గురించి, ఆగిన పేజీల గురించి చెప్పుకొచ్చారు. ఆయన గడియారం చూసుకున్నారు. వారం తిరక్కుండా గది పోయింది.

బొమ్మల పుస్తకాల బీరువా కిందికి దించుతుంటే ఏడుపు ఆగలేదు. “అంతా నా వల్లే,” అన్నాను.

“గది పోయిందంటే ఇంకో గది అడగొచ్చు,” అన్నారు మేడమ్. “ఆ బిడ్డ పోయుంటే ఎవుర్ని అడిగేది?”

కింద సైకిళ్లు పెట్టే నడవలో చాపలు పరిచాం. ఫ్యాను ఒక్కటే, అదీ గరగరమనేది. రెండో రోజు దేవి వచ్చింది. వెనకాలే, మేడ మెట్లు ఎన్నడూ ఎక్కలేని వాళ్ల అవ్వ. చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, “ఆ దొంగ సంగతి చెప్పు,” అంది. పిల్లలంతా చుట్టూ చేరి విన్నారు. దేవి తడబడిన చోటల్లా మేడమ్ నోరు మెదపకుండా ఆగారు.

ఆవిడ రిటైరయ్యాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. వేసవి మీటింగుల్లో అందరూ ఎంతమంది వచ్చారని అడుగుతారు, నేను చెబుతాను. కాని మా రిజిస్టర్ వెనక ఇంకో కాగితం ఉంటుంది, మొదటి వారం వచ్చి ఆ తర్వాత రాని పిల్లల పేర్లతో. కిందటి వేసవిలో అలా ఒక పేరు పట్టుకుని వాషర్‌మెన్‌పేట్‌లో మూడు వీధులు తిరిగాను. తలుపు తీసిన తల్లి నా మెడలోని ఆఫీసు కార్డు చూసి బెదిరిపోయింది.

“మా పాప ఏమన్నా తప్పు చేసిందా మేడమ్? బుక్కు చించేసిందా?”

“లేదమ్మా. నాలుగు రోజులుగా రాలేదు, ఏంటికని అడుగుదామని వచ్చినా.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “దానికోసమా ఇంత దూరం వచ్చినారు?”

“దానికోసమేనమ్మా.”