నలభై ఒకటో దుకాణం

ఆమె రాసిన చీటీని మేనేజరు చేతికిచ్చింది వ్యాన్ డ్రైవరే. విచారణ రోజున "చీటీయా? నాకేం తెలీదండీ" అన్నదీ అతనే.

అప్పటికామె మందుల గోదాములో గుమాస్తా. ఊళ్లో ఉన్న నలభై మందుల దుకాణాలు తమకు ఎన్నెన్ని ఇన్సులిన్ పెట్టెలు కావాలో రాసి పంపితే, అన్నీ కూడి పై ఆఫీసుకు ఆర్డరు పెట్టడం ఆమె పని. ఆ ఏడు వానలకు దారులు తెగిపోయి సరుకు తొమ్మిది వారాలు ఆలస్యమైంది. దుకాణాలవాళ్లకు భయం పట్టుకుంది. పది కావలసినవాడు ముప్పై రాశాడు. ముప్పై అడిగితేగాని పది దక్కవని వాడి తెలివి. వాణ్ని చూసి పక్కవాడు అరవై రాశాడు. ఆమె చిన్న చీటీ మీద "ఇది అవసరం కాదు, భయం. సగమే తెప్పించండి" అని రాసి డ్రైవరుతో పంపింది. మేనేజరు చదివాడు, చింపి బుట్టలో వేశాడు, అడిగినదంతా తెప్పించాడు. సరుకు దిగేసరికి వానా వెలిసింది, భయమూ వెలిసింది. దుకాణాలు ఒక్కొక్కటే ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. నలభై వేల సీసాలు గడువు దాటి మట్టిపాలయ్యాయి.

తప్పు ఎవరో ఒకరి నెత్తిన పడాలి కదా. ఆర్డరు ఆమె చేతిరాతలో ఉంది. చీటీ లేదు. దాన్ని చూసిన రెండో మనిషి, డ్రైవరు, తెలీదన్నాడు. ఆ నెలలోనే అతని ఉద్యోగం పర్మనెంటయింది. ఆమెను కుర్చీలోంచి లేపి, ఇన్సులిన్ చల్లగా దాచే కోల్డ్‌రూంలోకి తోశారు.

కోల్డ్‌రూం గోదాముకు వెనకవైపు ఉంటుంది. కిటికీ లేదు. ఒకటే బల్బు. తలుపు పడిందంటే లోపలి మనిషి ఉన్నట్టో లేనట్టో కూడా తెలియదు. ఫ్యాన్లు మాత్రం జ్వరం వచ్చినవాడిలా మూలుగుతూనే ఉంటాయి. రెండు స్వెట్టర్లు వేసుకుని, చెవులకు గుడ్డ కట్టుకుని ఆమె పదకొండేళ్లు అక్కడే గడిపింది. ఏ దుకాణానికి ఎన్ని పెట్టెలు పంపాలో తేల్చడం మాత్రం ఆమెకే మిగిలింది, ఆ చలిలో ఇంకెవరూ నిలబడలేరు గనక. ఎవరెంత రాసినా సగానికో, ఇంకా తక్కువకో కోసేది. పేరే సగమమ్మ అయిపోయింది. "సగమమ్మను టైమెంతని అడక్కురా, పన్నెండైతే ఆరంటుంది" అని హమాలీలు నవ్వుకునేవాళ్లు.

డ్రైవరు నవ్వేవాడు కాదు. అతని భార్యకు పొద్దునా సాయంత్రం సూది తప్పదు. ఆ సీసా వచ్చేది ఆమె చేతిలోంచే. ప్రతిసారీ ఆ మందపాటి తలుపు ముందు నిలబడితే, పొగలాంటి ఊపిరితో ఆమె బయటికొచ్చి ఒకటే అడిగేది: "మరదలు ఎలా ఉంది తమ్ముడూ?" చీటీ మాట ఎన్నడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేదనిపించేది అతనికి.

ఒక మధ్యాహ్నం తలుపు ఓరగా ఉంది. లోపల ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఏడో నంబరూ, ఎన్ని? ఇరవయ్యా? నీ వెనక సందులో పారేసిన ఖాళీ పెట్టెలు నాలుగే. ఎవరికి చెబుతావు కబుర్లు! నాలుగు."

పొద్దున్నే పనికి వస్తూ ఆమె దుకాణాల వెనక సందుల్లో చెత్తకుండీలు వెతుకుతుందని అతను విన్నాడు. పిచ్చి అనుకున్నాడు. అదన్నమాట సంగతి. నోరు అబద్ధమాడినా ఖాళీ పెట్టె ఆడదు.

"ముప్పై తొమ్మిది, అయిదు. నలభై, ఆరు." పేజీ తిప్పిన చప్పుడైంది. "నలభై ఒకటీ, నీకెన్నమ్మా?"

ఫ్యాన్ల మూలుగు తప్ప ఏమీ వినపడలేదు. ఎవరో జవాబిచ్చినట్టు ఆమె "సరే, పది" అంది.

అతను తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. ఊళ్లో ఉన్నవి నలభై దుకాణాలు. రోజూ సరుకు దించేది తనే. మర్నాడు తలుపు పక్కన మేకుకు వేలాడే ఆర్డర్ల పుస్తకం తిరగేశాడు. 41. వీధి చివర దుకాణం. పది పెట్టెలు. వెనక్కి ఎన్ని పేజీలు తిప్పినా పదే. మిగతా దుకాణాలు ఒక వారం అయిదు, ఒక వారం యాభై, ఒక వారం సున్నా. ఈ ఒక్క దుకాణానికే ఏ వారమూ భయం వేయలేదు.

గోదాము వెనక వీధి చివరికి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం, పిట్టా పురుగూ లేవు. బోర్డు లేని తుప్పు షట్టరు ఒకటి కనిపించింది. మీద చెయ్యి వేశాడు. అంత ఎండలోనూ శవంలా చల్లగా ఉంది. చెవి ఆనించాడు. లోపల ఏదో మూలుగుతోంది.

"చెయ్యి తియ్యి తమ్ముడూ, చలి పట్టేస్తుంది."

అతను వెల్లకిలా పడ్డాడు. పడ్డాక తెలిసింది, షట్టరు కింద రెండు వేళ్ల సందుంది, అందులోంచి తన చెప్పులు లోపలికి కనిపిస్తాయి. అది కోల్డ్‌రూం పాత వెనక తలుపు.

చుట్టూ తిరిగి లోపలికి వెళ్లాడు. గడువు తీరిన ఆ నలభై వేల సీసాల ఖాళీ అట్టపెట్టెలు గోడలా పేర్చి ఉన్నాయి. ఆ గోడ వెనక కొత్త మందు.

"ఇదే నలభై ఒకటి," అంది ఆమె. "వారం వారం పాతవి తీసి మిగతా నలభైకీ పంపేస్తాను, కొత్తవి ఇక్కడ పెడతాను. ఒక్కటీ గడువు దాటదు. సరుకు ఆగిన రోజున ఊరికి ఇదే దిక్కు. పైవాళ్లకు చీటీ రాస్తే చింపేస్తారు. దుకాణం ఆర్డరంటే పంపేస్తారు. అందుకే దుకాణం పెట్టాను."

చీటీ అన్న మాటకు అతను పెట్టెల వైపు తిరిగాడు. "మరి... లోపల ఎవరితో మాట్లాడుతున్నావక్కా?"

"దానితోనే. అడక్కుండా దాని లెక్క రాయకూడదు కదా."

ఆ ఏడే సరుకు మళ్లీ ఆగిపోయింది. అయిదో వారానికి దుకాణాలు వంద, రెండొందలు రాస్తున్నాయి. డ్రైవరు ఇంట్లో సీసాలో మూడు రోజుల మందే మిగిలింది. సగమమ్మ నలభై ఒకటో దుకాణం తెరిచింది. భయం మొదలవక ముందటి ఖాళీ పెట్టెల లెక్కన పంచింది, ఒక్కటీ ఎక్కువ కాదు.

"రెండు సీసాలివ్వక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"మరదలికి రెండు కావాలా, నీకు కావాలా?"

అతను ఒక్క చెయ్యే చాచాడు. ఒకటే ఇచ్చింది. అది అయిపోయే రోజుకు మరొకటి ఇచ్చింది. ఏడో వారంలో లారీలు వచ్చాయి. ఊళ్లో ఎవరి సూదీ తప్పలేదు.

కాని సరుకు లేని వారాల్లో సరుకు ఎలా పంచారని పై ఆఫీసు అడిగింది. మళ్లీ విచారణ. అదే గది, అదే బల్ల. గుమ్మంలో మేనేజరు డ్రైవరు భుజం మీద చెయ్యేశాడు. "ఆ దుకాణం లేదని ఒక్క ముక్క చెప్పు, చాలు. మిగతాది తెలీదను. నీకు అలవాటేగా!"

లోపల పై ఆఫీసువాళ్లు అడిగారు. "నలభై ఒకటో దుకాణం ఉందా?"

"లేదండీ," అన్నాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆమె చీటీ రాస్తే సారు చింపేశారు. పదకొండేళ్ల కిందట దాన్ని తెచ్చిచ్చింది నేనే. తెలీదని అబద్ధం చెప్పింది కూడా నేనే. చీటీ పనికిరాలేదు గనకే ఆమె లేని దుకాణం పెట్టుకుంది."

వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకుని ఏదో రాసుకున్నారు. దొంగ దుకాణం దొంగ దుకాణమే అన్నారు చివరికి. ఆమెను ఇంటికి పంపారు. డ్రైవరును నెలాఖరుదాకా వ్యాను నడిపి, ఆపైన రావద్దన్నారు. మేనేజరును ఇంతకన్నా పెద్ద గోదాముకు మార్చారు. సగం న్యాయమైనా జరిగిందనడానికి లేదు.

గేటు దగ్గర ఆమె తాళంచెవి అప్పగించి, ఎండలో నిలబడి వణుకుతోంది. స్వెట్టర్లు చంకలో ఉన్నాయి.

"అక్కా, నేను అప్పుడే నిజం చెప్పాల్సింది."

"నీ చేతికే కదయ్యా ఇచ్చాను, నాకు తెలీదా?" అంది ఆమె. "ఆ నిజం చాలా ఆలస్యంగా తెచ్చావు తమ్ముడూ. ఆ ఆర్డరు నేనెప్పుడో రద్దు చేసుకున్నాను. పొద్దున నేనిచ్చిన మరదలి మందు వ్యానులో ఎండకు పెట్టి ఇక్కడ నిలబడ్డావేం? పో."