టెంకాయ ఓబులేసు సముద్రం చూసిన రోజు

మా వేంపల్లె చుట్టుపక్కల ఓబులేసు అని అడిగితే ఎవరూ చెప్పరు. టెంకాయ ఓబులేసు అనాలి. అప్పుడు చిన్నపిల్లలైనా చెయ్యి పట్టుకుని మా నాయన దగ్గరికి తెచ్చి వదులుతారు. ఆయన పొలంలో నీళ్లు చూసే మనిషి. బోరు వేయించే ముందు రైతులు వచ్చి పిలుచుకుపోతారు. పరగడుపున, చెప్పులు విప్పి, పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి చేనంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ రాయి పాతించి పసుపునీళ్లు చల్లి వచ్చేస్తాడు. డబ్బు ముట్టడు. ఒక టవలు, ఆకూ వక్కా, ఆ టెంకాయ. అంతే.

నీళ్లు పడితే మోటారుసైకిలు పంపి మరీ పిలిపించుకుని మొదటి బిందె ఆయన నెత్తిన పోసేవాళ్లు. తడిసి ముద్దయి, మెడలో బంతిపూల దండతో ఇంటికి వచ్చేవాడు. నీళ్లు పడక బోరులో దుమ్ము లేస్తే మాత్రం ఎవరూ కబురు చేయరు. మా వైపు అదొక పట్టింపు. చూసిన మనిషికి 'పడలేదు' అని చెబితే ఇక ఆయన చూపించే చోట్లన్నీ ఎండిపోతాయని భయం. అందుకని మా ఇంటికి మంచి కబుర్లే వచ్చేవి. మా అమ్మ పోయేదాకా పెట్టెలో టవళ్లు మడిచి పెడుతూనే ఉంది. నేను స్కూల్లో, పెళ్లయ్యాక అత్తగారింట్లో, మా నాయన చెయ్యి పెడితే గంగ లేస్తుందని ఎంత గొప్పలు పోయానో! తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది.

ఈ వేసవికి మా చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, ఉన్న ఒక్క బోరూ చేతులెత్తేసింది. మా ఆయన అవినాష్ ట్యాంకర్లు పెట్టి కొన్నాళ్లు లాక్కొచ్చాడు. చెట్లు ఆకు ముడుచుకున్నాయి. కొత్త బోరు వేయాల్సిందే అన్నాడు. నా మెడలో గొలుసు బ్యాంకులో కూర్చుంది. మా నాయన వచ్చి తోటలో తిరిగి, ఈశాన్యంలో చోటు చూపించి రాయి పెట్టాడు. బోరు బండి సోమవారం వస్తుంది. ఆ బోరు ఎండిపోతే తోట పోయినట్టే, అందులో దాపరికం ఏమీ లేదు.

మధ్యలో ఆదివారం ఖాళీ. మా కూతురు తనూజ సముద్రం చూడలేదని పుట్టినప్పటి నుంచీ నస. నీళ్లు పడ్డాక తీరిక దొరకదు, ఇప్పుడే పోదాం అన్నాడు అవినాష్. పడకపోతే అన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా నాయన రానన్నాడు. ఆయనా సముద్రం చూడలేదని నేనే పోరుపెట్టి కారెక్కించాను. పులిహోర కట్టుకున్నాం. రెండు క్యాన్ల నీళ్లు పెట్టుకున్నాం. మావాళ్లు నది మధ్యకు పోయినా ఇంటి నీళ్లు మోసుకునే పోతారు.

దారిలో సిద్ధవటం కోట దగ్గర ఆగాం. పెన్న ఒడ్డున నల్లబారిన గోడలు, పెద్ద ద్వారం, లోపల పడిపోయిన మండపాలు. చల్లని పొద్దు, మనసు తేలికగా ఉంది. తనూజ రాళ్లెక్కి దిగుతూ, ఇంతమంది రాజులు, సైన్యం, ఏనుగులు నీళ్లు ఎక్కడ తాగేవాళ్లు తాతా అని అడిగింది. అడగడమే తప్పయింది. మా నాయన సంచీలోంచి టెంకాయ తీశాడు. సముద్రానికి కొట్టాలని తెచ్చింది అది. చెప్పులు విప్పి, అరచేతిలో పెట్టుకుని మండపం ముందు నడిచాడు. కోట చూడ్డానికి వచ్చిన కాలేజీ పిల్లలు చుట్టూ చేరి ఫోన్లు పట్టుకున్నారు. కాయ లేచి నిలబడింది. చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వుతూ, గోడకవతల నదే ఉంటే యాడ తవ్వినా నీళ్లే గదా తాతా అంది. అందరూ పగలబడి నవ్వారు.

నాకు తల తీసేసినట్టయింది. ఆ పిల్ల మీద ఒళ్లు మండి, పెద్దవాళ్లతో మాట్లాడే తీరు నేర్చుకో అని నాలుగు దులిపాను. మా నాయన నన్నే ఆపాడు. కాయ సంచీలో వేసుకుని కారు దగ్గరికి నడిచాడు. బద్వేలు దాటేదాకా ఆ సంచీని ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల అన్నదానికి నొచ్చుకున్నాడేమో అనుకున్నాను.

నెల్లూరులో తిని, మైపాడు చేరేసరికి ఎండ కాస్త వాలింది. సముద్రం కనిపించగానే తనూజ కేకలు పెట్టుకుంటూ పరిగెత్తింది. మా నాయన మాత్రం ఇసుకలో నిలబడిపోయాడు. శానాసేపు చూశాడు. తర్వాత మోకాలి దాకా నీళ్లలోకి దిగి, టెంకాయ కొట్టి, పసుపూ కుంకుమా వేసి దండం పెట్టాడు. దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేశాడు. ఉప్పని తెలుసు కదా నాయనా అంటే, తెలిసినా ఒకసారి చూడాలనిపించింది అన్నాడు. అవినాష్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజుకు అదే చివరి నవ్వు.

ఒడ్డు మీద ఉడకబెట్టిన శెనక్కాయల బండి ఉంటే అటు నడిచాం. బండి దగ్గర భార్యాభర్తలు. ఆడమనిషి కుండలో గరిటె తిప్పుతోంది, మగమనిషి పొట్లాలు కడుతున్నాడు. మా మాట వినగానే తలెత్తి, మీది యాడప్పా, కడప జిల్లానా అని అడిగాడు. అవినాష్ ఊరు చెప్పాడు. నేను వెనక్కి తిరిగితే మా నాయన సముద్రం వైపు ముఖం తిప్పుకుని, భుజం మీది టవలు తల మీదుగా కప్పుకుంటున్నాడు. ఎండ లేదు. ఎందుకు కప్పుకుంటున్నాడో అర్థం కాలేదు.

ఆ మనిషి బండి వదిలి పరిగెత్తుకొచ్చాడు.

"ఓబులేసన్నా! నేను రబ్బానీని. చక్రాయపేటకు పొయ్యే దావలో చీనీ తోట, మర్చిపోయినావా?"

రబ్బానీ మా నాయన చేతులు రెండూ పట్టుకున్నాడు. భార్య షాహనాను పిలిచి చూపించాడు. మాకు పొట్లాలు పోసిచ్చి డబ్బులు తీసుకోనన్నాడు. పక్క బండి వాళ్లకు కూడా, మా సీమలో నీళ్లు చూసే పెద్దమనిషి అని చెప్పాడు. అవినాష్ ఛాతీ ఉబ్బింది. రేపు మా తోటలో కూడా మామ చూసిన చోటే బోరు వేస్తున్నాం, మీ తోటలో ఎలా పడ్డాయి అని అడిగాడు. రబ్బానీ నసిగాడు. పిల్ల ఏం చదువుతోంది అని మాట తప్పించాడు. షాహనా మాత్రం గరిటె తిప్పుతూనే చెప్పింది.

"నాలుగు ఏసినాం. నాలుగూ దుమ్మే."

కోపంగా అనలేదు. ఎవరో అడిగారు, చెప్పింది. రబ్బానీ భార్యను కసిరాడు. ఆయనకు చెప్పగూడదని తెలీదా అని. తర్వాత మా నాయన వైపు తిరిగి, ఆయన కాయ తప్పు చెప్పలేదని, తన నసీబు అంతేనని బుజ్జగింపుగా మాట్లాడాడు. ఒక బోరు ఎండితే ఇంకా లోతుకు పోవాలనుకున్నాడట. అదీ ఎండితే, పడలేదన్న మాట ఎత్తకుండానే మళ్లీ ఆయన్నే పిలుచుకొచ్చాడట. చివరికి తోటా, దాని పక్కనున్న మెట్ట చేనూ అమ్మేసి, నెల్లూరులో బావమరిది ఉంటే ఇటు వచ్చి రొయ్యల గుంటల్లో పని చేసి, ఇప్పుడు ఈ బండి. దీంట్లో ఓబులేసన్న తప్పేముంది అని నన్నే అడిగాడు. నేను చేతిలో పొట్లం మడిచేశాను. ఆ మనిషి చెంప మీద కొట్టినా ఇంతకన్నా హాయిగా ఉండేది.

అక్కడితో వదిలినా బాగుండేది. సరుగుడు తోపు వెనక చిన్న ఇల్లు వేసుకున్నాడట. గుంట తవ్వితే నీళ్లే, కానీ ఉప్పు. తీపి నీళ్ల చోటు తెలిస్తే చేతిపంపు వేయించుకుంటాడట. పక్క బండి నుంచి టెంకాయ తెచ్చి, పీచు వలిచి, మా నాయన చేతిలో పెట్టాడు.

"ఒక్కసారి కాయ పట్టన్నా. నీ చెయ్యి మింద నాకు నమ్మకం పోలే."

తోపు వెనక ఇంటి ముందుకు అందరం నడిచాం. మా నాయన అలవాటుగా చెప్పులు విప్పాడు. కాయ అరచేతిలో పడుకోబెట్టాడు. పుట్టినప్పటి నుంచి ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ నా కళ్లు కాయ మీదే ఉండేవి. ఆ రోజు మొదటిసారి ఆయన మణికట్టు చూశాను. కొంచెం తిరగబోయి ఆగిపోయింది. రెండడుగులు వేశాడు. రబ్బానీ వెంట నడుస్తున్నాడు. మా నాయన ఆగి, కాయ తీసుకెళ్లి రబ్బానీ చేతిలో పెట్టేశాడు.

"నాకు తెలీదు రబ్బానీ. మొదటిసారి అది దానంతటదే లేచింది. అది నిజం. ఆ తర్వాత మళ్లా లేవలే. జనం చుట్టూ నిలబడి చూస్తాండ్రి. నేనే లేపితి. యాడ కొంచెం పచ్చగా కనపడితే ఆడ లేపుతాంటి."

రబ్బానీ కాయకు మిగిలిన పీచు పీకుతూ ఉండిపోయాడు. షాహనా ముందుకొచ్చింది.

"ఈ మాట నాలుగో బోరప్పుడన్నా చెప్పింటే, మాకు ఆ మెట్ట చేను మిగిలేది గదన్నా."

ఈసారి రబ్బానీ ఆమెను కసరలేదు. మా నాయన చేతులు జోడించాడు. ఆమె చూడకుండా బండి దగ్గరికి వెళ్లిపోయింది. తనూజ నా కొంగు పట్టుకుని, తాత ఏం చేశాడమ్మా అని గుసగుసగా అడుగుతోంది. ఏం చెప్పను? మీ తాత అబద్ధమాడాడే అనాల్సింది పోయి, కాళ్లకంటిన ఇసుక దులుపుకో, కారెక్కుదాం అన్నాను.

కారులో కూర్చున్నాక మా నాయన సోమవారం బోరు వద్దన్నాడు. ఆ రాయి కూడా అట్లాంటిదేనా మామా అని అవినాష్ అడిగాడు. అవునన్నాడు. అయినా అవినాష్ ఒప్పుకోలేదు. వాళ్ల ముందు మొహం చెల్లక అలా అన్నావు, ఆ షాహనా మాటలకు నీ మనసు చెదిరింది, రేపటికి అంతా సర్దుకుంటుంది, బండి వస్తుంది అని మొండికేశాడు. ఎండిన తోట పెట్టుకున్న మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. నాకు ఆయన మీద జాలి వేసింది, కోపమూ వచ్చింది. మా నాయనే నిజం చెప్పినా వినకుండా, ఆయన మీద అవినాష్‌కు అంత గట్టి నమ్మకం పెంచింది నేనే.

అప్పుడు మా నాయన నా ఫోను అడిగాడు. బోరు బండి ఏజెంటుకు కలిపి ఇవ్వమన్నాడు. నేను కలిపి స్పీకరు పెట్టాను. అవినాష్ అడ్డం రాబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

తాను ఓబులేసునని, రేపు అల్లుడి తోటకు బండి పంపొద్దని చెప్పాడు. ఎందుకని ఆ మనిషి అడిగాడు. ఈ మాట ఇప్పుడు చెబితే తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుందని కారులో అందరికీ తెలుసు.

"నాకు నీళ్లు చూసేది రాదప్పా. ఎప్పుడూ రాదు. నువ్వు నలుగురికీ చెప్పు, పర్వాలేదు."

అవతల చిన్న నవ్వు వినిపించింది.

"అదా? మాకు ఎప్పుడో తెల్సులే పెద్దాయనా. దుమ్ము తోడేది మేమే గదా. జనం నమ్ముతాండారు, మాకు పనుంటాది, గమ్మున ఉంటిమి. మళ్లా చెప్పు, బండి రావాల్నా వద్దా?"

మా నాయన వద్దన్నాడు. ఫోను నాకిచ్చాడు. టవలు ఒళ్లో పెట్టుకుని దాని అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. అవినాష్ స్టీరింగు మీద తల ఆనించాడు. మా నాయన నా వైపు తిరిగాడు.

"బోరోళ్లకు తెల్సు. ఏసుకున్నోళ్లకు తెల్సు. మరి ఇన్నేండ్లు ఎవరి దగ్గర దాచినట్టు నేను?"

"మా దగ్గరే నాయనా" అన్నాను.