కదలకుండా పది నిమిషాలు

నాకు నలభై మూడేళ్లప్పుడు ఎడమ తొడ వెనక కండరం చిరిగింది. తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతం మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కేయాలని పంతం పట్టాను. సగంలో ఎవరో వెనక నుంచి కర్రతో కొట్టినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మెట్టుకు పసుపు రాస్తున్న ఒకావిడ నా కుంటి నడక చూసి, "మెల్లింగా పోమ్మా, స్వామి యాడికీ పోడులే" అంది.

తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు జిమ్ములో బరువులు. ఏడో రోజు ఏం చెయ్యాలో తోచక ఇల్లు కడిగేదాన్ని. "నువ్వు కూసుంటే కుర్చీకి జరమొస్తాదా?" అనేవాడు మా ఆయన.

ఆరు వారాలు పరుగు మానేసి యోగా చెయ్యమంది ఫిజియో. అప్పటికే పలమనేరులో జరగబోయే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి ఉన్నాను. దానికి తొమ్మిది వారాలే ఉంది.

మా వీధి చివర కల్యాణ మండపం పైఅంతస్తులో పొద్దున ఆరింటికి యోగా క్లాసు. నేర్పేది ఘాట్ రోడ్డులో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. నడుంనొప్పికని మొదలుపెట్టి, చివరికి నేర్పడానికి పరీక్ష కూడా రాశారట. అందరం ఆయన్ని సార్ అనేవాళ్లం.

ఆసనాలతో నాకు ఇబ్బంది లేదు. వాటినీ జిమ్ములో బరువుల్లాగే చూశాను. పక్కావిడ ఒంటికాలి మీద ఇరవై అంకెలు నిలబడితే నేను ముప్పై నిలబడాలి. చివర్లో వచ్చే శవాసనం దగ్గరే చిక్కొచ్చింది. పది నిమిషాలు వెల్లకిలా, కళ్లు మూసుకుని, కదలకుండా ఉండాలి. రెండో నిమిషానికి కాలివేళ్లు వాటంతటవే ఆడేవి. మూడో నిమిషానికి గుండె ఎత్తు ఎక్కుతున్నట్టు కొట్టుకునేది. దొంగచాటుగా వాచీలో గుండె వేగం చూస్తే నూట పది. చాప మీద పడుకున్న మనిషికి నూట పది! మూడో రోజు ఇక తట్టుకోలేక చాప చుట్టుకుని లేచాను.

"ఏమ్మా, స్టాపు రాకముందే దిగేస్తా ఉండావు?" అన్నారు సార్.

"కాలేజీకి టైమైంది సార్." కాలేజీకి ఇంకా రెండు గంటలుంది.

రెండో వారం నుంచి దొంగతనం మొదలుపెట్టాను. ఐదింటికే కాలేజీ గ్రౌండుకు పోయి పరిగెత్తి, తడి టవలుతో ముఖం తుడుచుకుని క్లాసుకు వచ్చేదాన్ని. ఇంట్లో మాత్రం నడక అని చెప్పాను. కాలు సలిపేది. సలిపినా ఆ అరగంట పరుగులో తప్ప రోజంతా నాకు ఊపిరాడినట్టుండేది కాదు.

ఒక వానరోజు సార్ గుమ్మం దగ్గర నా షూస్ చేత్తో తీసి చూశారు. "నడిసేటోళ్లకి మన్ను మడమ కాడ అంటుకుంటాది. నీకి ముందరంతా అంటుకోనుండాది. పరిగెత్తతా ఉండావా?"

"లేదు సార్."

ఆయన షూస్ కింద పెట్టి, మరో మాట అడక్కుండా లోపలికి వెళ్లిపోయారు. అరిచి ఉంటే బాగుండుననిపించింది.

పరుగు రోజు పలమనేరులో మంచు దట్టంగా పట్టింది. చలికి నొప్పి తెలియలేదు. పది కిలోమీటర్లు నేనే రాణినన్నట్టు పరిగెత్తాను. పదమూడో కిలోమీటరు దాటాక మళ్లీ అదే కర్ర దెబ్బ. ఈసారి కాలు నేలకు ఆనలేదు. మల్బరీ తోట గట్టు మీద కూలబడ్డాను.

కాసేపటికి ఒక పాల వ్యాను వచ్చి ఆగింది. "ఏమక్కా, కాలు పట్టేసిందా? ఎక్కు, టౌన్లో దింపతా. కాకపోతే మధ్యలో పాలు ఎక్కించుకోవల్ల" అన్నాడు డ్రైవరు.

ముందు సీట్లో కూర్చున్నాను. ప్రతి ఊళ్లో ఆగి, ఇంజిను ఆపి, దిగి క్యాన్లు ఎక్కించుకుంటున్నాడు. అతను వచ్చేదాకా నేను అలాగే ఉండాలి. దిగలేను, నడవలేను. మూడో ఊళ్లో ఎదురింటి అరుగు మీద ఒకావిడ గోడకానుకుని కూర్చుంది. ఒళ్లో చేట. కళ్లు మూసుకుని ఉంది. చెయ్యి చేటలోనే ఉంది గానీ కదలడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఎంతకీ కదలలేదు.

"అమ్మా! అమ్మా!" అని కిటికీలోంచి అరిచేశాను.

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. చేటలో కందులు అరుగంతా దొర్లాయి. "ఏంది మ్మా? ఏమైంది?" అంది.

"ఏం లేదమ్మా" అన్నాను. అని ఏడ్చాను. డ్రైవరు కాలినొప్పి అనుకుని, తర్వాతి ఊళ్లో ఆగకుండా పోనిచ్చాడు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు, చిత్తూరులో, ఒక సాయంత్రం బడి నుంచి ఇంటికొచ్చాను. అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. రాత్రి కూరకు నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతూ ఉన్నట్టుంది, గిన్నె ఒళ్లోనే ఉంది, కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకున్నాను. లేపకూడదని గేటు కూడా చప్పుడు కాకుండా వేశాను. లోపలికెళ్లి నా అంతట నేనే అన్నం పెట్టుకు తిని, టీవీ పెట్టకుండా హోంవర్కు చేసుకున్నాను. గంట తర్వాత నాయన వచ్చి పిలిచినాక గానీ తెలియలేదు. నేను ఇంటికి వచ్చేసరికే గుండె ఆగిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. నాయన కూడా నాకు చాలాసార్లు ఆ మాటే చెప్పాడు. అమ్మకప్పుడు నలభై మూడేళ్లు.

ఇందులో నేను మరిచిపోయింది ఏదీ లేదు. కానీ పడుకుంటే నా గుండె ఎందుకలా కొట్టుకుంటుందో, కూర్చున్న చోట ఎందుకు కూర్చోలేనో అడిగితే నా ఒళ్లే అంత అనేదాన్ని. ఆ వ్యానులో కూర్చుని వయసులు లెక్క వేసుకున్నాను.

వారం తర్వాత కర్ర పట్టుకుని క్లాసుకు వెళ్లాను. అందరూ వెళ్లిపోయాక సార్‌కు రెండూ చెప్పాను. దొంగ పరుగూ, అమ్మా.

"పరుగు సంగతి నాకి తెలుసు గానీ ఇది తెలవదు మ్మా" అన్నారు. "ఆ ఆసనానికి ఆ పేరు పెట్టినోళ్లని అనల్ల. వద్దులే, నువ్వు పక్కకి తిరిగి పండుకో. కండ్లు తెరుసుకోనే ఉండు. కాలు ఆడితే ఆడనీ."

"పది నిమిషాలూనా సార్?"

"ఒగ నిమిషం సాలు. నేను ఈడనే ఉంటా. నిన్ను సూస్తానే ఉంటా."

ఆ ఒక్క నిమిషానికే చెమట పట్టింది. అయినా లేవలేదు.

కాలు బాగవడానికి నాలుగు నెలలు పట్టింది. ఈసారి ఫిజియో చెప్పినట్టే చేశాను. జిమ్ములో సగం బరువులు, గ్రౌండులో రెండు రౌండ్లు నడక, ఒక రౌండు పరుగు. మా ఆయన బలవంతం మీద గుండె పరీక్ష కూడా చేయించుకున్నాను. బాగుందన్నారు. ఆ కాగితం రెండు రోజులు హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకు తిరిగాను.

మొన్న నలభై నాలుగు వచ్చాయి. ఆ నెలలోనే పది కిలోమీటర్ల పరుగు పూర్తి చేశాను, నా పరుగులన్నిటిలోకీ నెమ్మదైనది. శవాసనంలో నాలుగు నిమిషాలు ఉండగలుగుతున్నాను. ఐదో నిమిషంలో లేచి కూర్చుంటాను. సార్ చూడనట్టే ఊరుకుంటారు.

ఈ మధ్య మా ఆయన కూడా క్లాసుకు వస్తున్నాడు. పడుకున్న నిమిషానికే గురక పెడతాడు, హాలంతా నవ్వుతారు. నేను పక్క చాప మీద కళ్లు తెరుచుకుని ఆ గురక వింటూ ఉంటాను. మధ్యలో అది ఆగితే వేలితో పొడుస్తాను.

"ఏందే, పండుకోనియ్యవా?" అంటాడు కళ్లు తెరవకుండానే.

"పండుకో" అంటాను.